అరిసెల పళ్ళెం పక్కన బొమ్మల పుస్తకం

సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి కదా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మార్కులు, ట్యూషన్ల గోల తగ్గింది. ఇంటినిండా మనవలు, వంటింటి నిండా పిండి, మధ్యలో ఎక్కడో పిల్లల పుస్తకాలు, ఎక్కువ మంది వీటి గురించే రాశారు. అందుకే ఈసారి అవే తీసుకున్నాను. మరీ పొడుగ్గా ఉన్నవి కుదించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పండక్కి ఇద్దరబ్బాయిలూ అమ్మాయీ పిల్లలతో దిగుతారు. మనవల్లో చిన్నదానికి మూడేళ్ళు, పెద్దవాడికి పన్నెండు. హైదరాబాద్ పిల్లలకి తెలుగు చదవడం వచ్చీ రానట్టు, బెంగళూరు పిల్లలకి మాటలే తప్ప అక్షరాలు రావు. పోయిన పండక్కి బొమ్మల పుస్తకాలు బోలెడు కొనిపెట్టాను, ఒక్కరూ ముట్టుకోలేదు. ఎంతసేపూ ఫోన్లే. ఇన్ని వయసుల వాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి పుస్తకం చదవడం అయ్యే పనేనా మేడమ్?

జవాబు: అయ్యే పనే. ముందు ఒక మాట చెప్పండి, ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టారు? బీరువాలోనో, మేడ మీద గదిలోనో అయ్యుంటాయి. జంతికల డబ్బా పిల్లలకి అందేలా పెడతారు, ఎవరెన్ని తిన్నారో లెక్క చూడరు, మూత తెరిచి ఉంటే వాళ్ళే వచ్చి చెయ్యి పెడతారు. పుస్తకాలకీ అదే మర్యాద ఇవ్వండి. హాల్లో చాప మీద అట్టలు పైకి కనిపించేలా పరిచేసి వదిలేయండి. వరసగా నిలబెట్టిన పుస్తకాల వెన్నులు చూసి చిన్నపిల్లలు ఏం తీస్తారు, బొమ్మ కనిపిస్తే తీస్తారు గానీ.

ఇక ఎప్పుడు చదవాలంటే, పొద్దున్నే వద్దు. ముగ్గులు, స్నానాలు, ఇంటికొచ్చిన చుట్టాలు, ఆ హడావుడిలో ఎవరికీ కుదరదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దవాళ్ళు ఓ కునుకు తీస్తారు చూడండి, అప్పుడు పిల్లలకి ఏమీ తోచదు, ఫోన్లు తీసేది కూడా ఆ టైములోనే. నాలుగింటికి ఎలాగూ చిరుతిండి పెట్టాలి కాబట్టి దానికి కాస్త ముందు కూర్చోండి. ఒకే పళ్ళెం, ఒకే పుస్తకం, చుట్టూ అందరూ. ఎవరికి వాళ్ళకి ప్లేట్లలో పెట్టి ఇచ్చారా, తలొక మూలకీ పోతారు.

పన్నెండేళ్ళ వాడు "ఇది బేబీ బుక్" అంటాడు, అనే తీరతాడు. వాణ్ణి వినమనకండి, చదివి పెట్టమనండి. తెలుగు తడబడితే మీరొక పేజీ, వాడొక పేజీ. పులి గొంతు, కోతి గొంతు వాడికి అప్పగించండి, పక్కవాళ్ళు నవ్వేసరికి వాడికీ హుషారొస్తుంది. అక్షరాలు రాని బెంగళూరు పిల్లలకి ముందు బొమ్మలు మాత్రం చూపించి "ఇక్కడేం జరుగుతోంది?" అని వాళ్ళనే కథ చెప్పమనండి. తర్వాత హైదరాబాద్ వాళ్ళు అసలు కథ చదువుతారు. రెండూ కలవకపోతే ఇంకా మంచిది, ఎవరి కథ బాగుందో వాళ్ళే కొట్టుకుంటారు. మూడేళ్ళది మధ్యలో లేచి వెళ్ళిపోతుంది, మళ్ళీ వచ్చి మొదటినుంచి చదవమంటుంది. అదే పుస్తకం పదిసార్లు అడిగినా విసుక్కోకుండా చదవండి, ఆ వయసు వాళ్ళకి తర్వాతి పేజీలో ఏముందో ముందే తెలియడంలోనే సరదా.

కథ అయ్యాక "ఇందులో నీతేంటి?" అని మాత్రం అడక్కండి. ఆ ఒక్క ప్రశ్నతో సెలవులు కాస్తా స్కూలైపోతాయి.

ఫోన్ల సంగతంటారా, మీ అబ్బాయిలు మంచం మీద పడుకుని ఏం చూస్తున్నారో ఓసారి గమనించండి. ఆ గంటసేపు వాళ్ళవి కూడా పక్కన పెట్టించగలిగితే పిల్లలవి అడగక్కర్లేదు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్ళు, పుస్తకాలు ప్రాణంగా చూసుకుంటుంది. పోయినసారి మా ఆడబిడ్డ పిల్లలు వచ్చి సకినాలు తిన్న చేతులతోనే పేజీలు తిప్పారు, ఒకటి చింపేశారు కూడా. ఈసారి అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేయమంటోంది. మా అత్తమ్మ ఏమో "బిడ్డకు పంచుకునుడు నేర్పవా?" అని నన్ను అంటోంది. మధ్యలో నాకు టెన్షన్. (హనుమకొండ)

జవాబు: నేను పాప వైపు. పెద్దవాళ్ళం మన పట్టుచీర అడిగిన వాళ్ళందరికీ ఇచ్చేస్తామా? ప్రాణంగా చూసుకునేవి కొన్ని తనే ఏరుకుని దాచుకోనివ్వండి, ఆ పెట్టె జోలికి ఎవరూ రాకూడదని అందరి ముందూ మీరే చెప్పండి. ఆ భరోసా దొరికాక మిగతావి చాప మీద పరచడానికి చాలామంది పిల్లలు పేచీ పెట్టరు. చేతిలోంచి లాక్కుని పక్కవాళ్ళకి ఇచ్చేస్తే ఆ పిల్ల నేర్చుకునేది ఈసారి ఇంకా గట్టిగా దాచుకోవాలనే. మీ అత్తమ్మకి ఇంత వివరం చెప్పనక్కర్లేదు, "సగం ఇస్తానంది అత్తమ్మా" అంటే సరిపోతుంది.

నూనె చేతులకి ఒక తడి తువ్వాలు, ఒక పొడి తువ్వాలు పళ్ళెం పక్కనే పెట్టండి. పుస్తకం తెరిచినప్పుడు సకినాలు, గారెలు కాకుండా రేగుపళ్ళు, జామకాయ ముక్కలు, అటుకులు, మరమరాలు లాంటివి పెడితే సగం గొడవ ఉండదు. మూడేళ్ళ లోపు వాళ్ళ చేతికి దళసరి అట్ట పేజీల పుస్తకాలే ఇవ్వాలి, పలచటి పేజీలు ఇచ్చి చింపారని తిట్టడం వాళ్ళకి అన్యాయం. అప్పటికీ ఒకటో రెండో మరకలు పడతాయి. పడనివ్వండి, పిల్లల పుస్తకం అంటే అంతే.

అయితే ఇంట్లో పాత పుస్తకాలుంటే వాటి సంగతి వేరు. 1947 జులైలో మొదలైన చందమామ పాత బైండింగులు ఇప్పటికీ కొందరి ఇళ్ళలో ఉన్నాయి. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలతో ఉండేవి. సోవియట్ కాలంలో మాస్కోలో అచ్చయి విశాలాంధ్ర షాపుల్లో అమ్మిన రంగురంగుల తెలుగు పిల్లల పుస్తకాలు కూడా ఉంటాయి. వీటిని తాతయ్య ఒళ్ళో పెట్టుకుని తనే పేజీలు తిప్పుతూ చూపించాలి, చాప మీద పరచకూడదు. చిరిగితే సెల్లోటేప్ వేయకండి, కొన్నేళ్ళకి పసుపు రంగుకి తిరిగి ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం కాగితానికి ఉండిపోతుంది. అన్నం మెతుకులతో అంటిస్తే పురుగులొస్తాయి. పాత పుస్తకాలు బైండింగ్ చేసే మనిషికి ఇవ్వడం మేలు.

ప్రశ్న: తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు అసలు ఎక్కడ దొరుకుతాయండీ? మాల్స్‌లో చూస్తే అన్నీ ఇంగ్లీషే.

జవాబు: మాల్స్‌లో వెతికితే దొరకవు. 1957లో పెట్టిన నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళు నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో తక్కువ ధరకి వేస్తున్నారు, అందులో తెలుగువి ఉన్నాయి. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ వాళ్ళవీ ధర తక్కువే. సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు పిల్లల కోసమే పనిచేస్తారు, నేనైతే మొదట అక్కడే చూడమంటాను. చెన్నైలోని తూలిక వాళ్ళు ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండేలా వేస్తారు, పై ఉత్తరంలోని బెంగళూరు మనవలకి అవి బాగా పనికొస్తాయి. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతాయి కదా, సరిగ్గా పండగ ముందు. బట్టల షాపింగుకి వెళ్ళిన రోజే అటూ ఓ చుట్టు వేయండి.

డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళదే స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ ఉంది, 2015 నుంచి నడుస్తోంది. తెలుగు కథలు బొమ్మలతో సహా ఉచితంగా దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. ఒకటి నుంచి నాలుగు దాకా మెట్లుగా విడదీశారు, ఒకటో మెట్టులో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. ఇంకో సంగతి, ఆ కథల్ని మనమే అనువాదం చేసి పెట్టుకోవడానికి కూడా వాళ్ళ ఒప్పుదల ఉంది. శ్రీకాకుళం నాయనమ్మ తన మాటల్లో, సిద్దిపేట అమ్మమ్మ తన మాటల్లో ఒకే బొమ్మలకి కథ రాసుకోవచ్చు.

ప్రశ్న: మా ఇంట్లో పండగ వంటలంటే పిల్లల్ని వంటింటి గడప తొక్కనివ్వరు మా అత్తగారు. నూనె బాండీ, పాకం, ఆవిడ భయం నాకూ అర్థమవుతుంది. కానీ పిల్లలు ఎదిగాక డబ్బాలో అరిసె తప్ప అది ఎలా వచ్చిందో తెలియకుండా పోతుందేమో. ఏ వయసు వాళ్ళకి ఏ పని చెప్పొచ్చు? (రాజమండ్రి)

జవాబు: మీ అత్తగారి భయం నూటికి నూరుపాళ్ళు నిజం. నూనె కన్నా పాకం ప్రమాదం, అది చర్మానికి అంటుకుని ఊడదు. కాబట్టి పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే, ఇందులో బేరం లేదు. అయితే అరిసెలు పొయ్యి దగ్గర మొదలవుతాయా? ముందురోజే బియ్యం నానెయ్యాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి, వడగట్టాలి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. నానిన బియ్యపు గింజ వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుందని చూపించండి, అయిదేళ్ళ పిల్లకి అదే వింత. నువ్వులు ఏరడం, బెల్లం పొడి కొట్టడం ఏడెనిమిదేళ్ళ వాళ్ళు చేస్తారు. పాకం అయ్యిందా లేదా అని నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూస్తాం కదా, ఆ గిన్నె పొయ్యికి దూరంగా తెచ్చి చుక్క చల్లారాక వేళ్ళతో ఉండ చెయ్యమనండి. ఉండ కట్టిందో లేదో తేల్చి చెప్పే అధికారం పిల్లలకి ఇస్తే వంటింట్లో వాళ్ళ పరపతి చూడాలి మీరు! పిండి కలపడం మాత్రం పెద్దవాళ్ళ పని, అది బలం ఉన్న చెయ్యి చెయ్యాలి. కలిపాక చల్లారిన చలిమిడి తలా ఒక ముద్ద పెట్టండి. మా తరంలో చాలామందికి అరిసె కన్నా ఆ ముద్దే గుర్తు.

ఇంతకన్నా సుళువు కావాలంటే గవ్వలు. పిండి ముద్ద తెచ్చి హాల్లో పెట్టండి, గవ్వల చెక్కలు చాలకపోతే కొత్త దువ్వెన అయినా ఫోర్కు వెనకవైపు అయినా సరే, చిన్న ఉండని బొటనవేలితో నొక్కి దొర్లిస్తే గవ్వ తయారు. నాలుగేళ్ళ వాళ్ళ నుంచి తాతగారి దాకా అందరూ చేయొచ్చు. పుస్తకం ఇక్కడే తీయండి. అందరి చేతులూ పిండిలో ఉంటాయి, చెవులు ఖాళీ, ఒకరు మాత్రం చేతులు కడుక్కుని పెద్దగా చదవాలి. అలసిపోతే ఇంకొకరు. ఇదేం కొత్త పద్ధతి కాదు లెండి, తెలంగాణ ఇళ్ళలో సకినాలు చుట్టడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేరితే గుడ్డ నిండా చుట్లు ఆరేలోగా ఎన్ని కథలు, ఎన్ని పాటలు నడిచేవో మీ పెద్దవాళ్ళని అడగండి. ఇంత సందడిలోనూ పుస్తకానికి మరక పడకపోవడం అదనపు లాభం, హనుమకొండ వాళ్ళు ఇది గమనించాలి.

ఒక జాగ్రత్త. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకి గింజ గింజగా పల్లీలు, గట్టి జంతిక ముక్కలు ఇవ్వకండి, పరిగెడుతూ తింటే గొంతులో అడ్డం పడతాయి. వాళ్ళ వాటా అరిసెలో మెత్తటి భాగమో, మెత్తగా చిదిపిన సున్నుండో. చుట్టాల పిల్లల్లో ఎవరికైనా పల్లీలు, జీడిపప్పు, నువ్వులు పడవేమో వాళ్ళ అమ్మని ముందే అడిగేయండి, ఇందులో మొహమాటం పనికిరాదు.

ప్రశ్న: నేను కరీంనగర్ ఆడపిల్లని, గుంటూరు కోడలిని. మా అమ్మ సకినాలు, గరిజెలు, మా అత్తయ్య అరిసెలు, కజ్జికాయలు, ఎవరి కొలతలు వాళ్ళ చేతుల్లోనే. ఇవన్నీ పిల్లల కోసం ఒక పుస్తకంలా రాయాలని ఉంది. ఎలా మొదలుపెట్టను?

జవాబు: అబ్బ, ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇది. పెద్ద పుస్తకం అనుకోకండి, అనుకున్నారంటే అవదు. ఒక్కొక్కరిదీ ఒక్క వంట తీసుకోండి, నాలుగు తెల్ల కాగితాలు మధ్యకి మడిచి కుట్టు వేస్తే పదహారు పేజీలొస్తాయి, చాలు. పేజీకి ఒక పని, పైన పిల్లలు వేసిన బొమ్మ, కింద ఒకే వాక్యం. ఆ వాక్యం మీ అమ్మ నోట వచ్చింది వచ్చినట్టే రాయండి. "పిండి మరీ పల్సగ కావొద్దు బిడ్డా" అంటే అలాగే రాయాలి, పుస్తక భాషలోకి దిద్దారంటే అమ్మ గొంతు పోతుంది. ఎడమవైపు అమ్మ సకినాలు, కుడివైపు అత్తయ్య అరిసెలు, ఇద్దరూ బియ్యప్పిండితోనే మొదలుపెట్టి ఎక్కడ విడిపోతారో పిల్లలే కనిపెడతారు. తడి పిండి దాకా ఇద్దరిదీ ఒకటే దారి, తర్వాత ఒకరిది వాము, నువ్వులు, ఉప్పు, ఇంకొకరిది బెల్లం పాకం.

కొలతలతో కొంచెం తంటా ఉంది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ అని పెద్దవాళ్ళు చెబుతారు గానీ ఇంట్లో వాడే సోలలు ఊరికో రకంగా ఉంటాయి. అత్తయ్యగారు చేత్తో పోస్తుంటే పక్కన వంటింటి త్రాసు పెట్టుకుని తూచి, సోల పక్కనే గ్రాములు కూడా రాయండి. "కొంచెం", "చూసుకుని" అన్నచోట ఫోటో తీయండి, లేదా ఆ పిండి ముద్ద ఎంతుందో అంత గీత కాగితం మీదే గీయండి. పూర్తయ్యాక జిరాక్స్ తీయించి తలా ఒకటి ఇచ్చేస్తే ఎవరి కాపీ మీద నూనె పడినా బాధ లేదు.

ప్రశ్న: సెలవుల్లో పిల్లలు వెనకబడిపోకుండా రోజుకి పది పేజీలు చదివించి ప్రశ్నలకి జవాబులు రాయిస్తున్నాను. సరైన పద్ధతేనా?

జవాబు: పండక్కి మీ ఆఫీసు వాళ్ళు మీ చేత ఏం రాయిస్తున్నారండీ? వదిలేయండి.

ప్రశ్న: మా ఇంట్లో పనిచేసే అమ్మాయి పండగ పనులకి వచ్చేటప్పుడు తన పిల్లల్నీ తెస్తుంది. మా పిల్లలు పుస్తకాలు చూస్తుంటే వాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూస్తారు. పాత పుస్తకాలు కొన్ని ఇచ్చి పంపుదామనుకుంటున్నాను. తప్పేం లేదు కదా?

జవాబు: ఇవ్వడం తప్పు కాదు, ముందు తలుపు దగ్గరనుంచి లోపలికి పిలవండి. అదే చాప, అదే పళ్ళెం. మిగిలిన అరిసెలు సాయంత్రం పొట్లం కట్టి ఇవ్వడం వేరు, నాలుగింటికి అందరితోపాటు ఒకే పళ్ళెంలోంచి తినడం వేరు, పిల్లలకి ఆ తేడా మనకన్నా బాగా తెలుస్తుంది. వాళ్ళు తెలుగు మీడియంలో చదువుతుంటే గబగబా చదివేస్తారు కూడా, మీ వాళ్ళకి చదివి పెట్టమని అడగండి. ఇచ్చే పుస్తకాలు మీ పిల్లలు వద్దని పక్కన పడేసిన చిరుగులైతే మాత్రం ఇవ్వకండి. చాప మీద ఉన్నవాటిల్లో వాళ్ళకి నచ్చింది వాళ్ళనే ఏరుకోమనండి, లేదా బుక్ ఫెయిర్‌లో మీవాళ్ళకి కొన్నప్పుడే వాళ్ళకీ ఒకటి కొనండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, పండక్కి రాలేదు. పండగయ్యాక మేమే వెళుతున్నాం. మనవరాలికి అయిదేళ్ళు. పెట్టెలో ఏం పెట్టుకెళ్ళొచ్చు? పుస్తకాలు బరువని మా వారు గొణుగుతున్నారు.

జవాబు: అరిసెలు, సున్నుండలు, జంతికలు ప్రయాణానికి బాగానే ఆగుతాయి. పూతరేకులు చేతిసంచిలో పెట్టుకోండి, పెట్టెలో పొడి అయిపోతాయి. ఆవకాయ మాత్రం పెద్ద పెట్టెలోనే వేయాలి, నూనెతో ఉంటుంది కాబట్టి చేతిసంచిలో ఆపేస్తారు. నాటుకోడి పచ్చడి, పచ్చి కరివేపాకు పట్టుకెళ్ళకండి, అమెరికాలో రానివ్వరు. తినేవి ఉన్నాయా అని ఫారంలో అడిగినా, మనిషి అడిగినా ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే కొన్ని తీసేస్తారు, దాచి దొరికితే జరిమానా పడుతుంది.

మీ వారితో చెప్పండి, పిల్లల బొమ్మల పుస్తకం పలచగా ఉంటుంది, పది పెట్టినా ఒక పచ్చడి సీసా బరువు ఉండదు. ఒక్కోటి రెండు కాపీలు కొని ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. తిరిగి వచ్చాక వీడియో కాల్‌లో మీరిక్కడ, ఆ పిల్లక్కడ ఒకే పేజీ తెరుచుకుని చదువుకోవచ్చు. వాళ్ళకి పొద్దున అయితే మనకి రాత్రి, శనివారం పొద్దున్నే అక్కడ పాలు తాగే వేళకి పెట్టుకుంటే ఇద్దరికీ కుదురుతుంది. అయిదేళ్ళ పిల్ల ఎక్కువసేపు తెర ముందు కూర్చోదు, ఒక్క పుస్తకంతో ఆపేయండి.